శ్రీలంక నుంచి వచ్చిన జవాన్ల ఉత్తరాలను భద్రపరచండి

సంపాదకులకు నమస్కారం.

శ్రీలంక అంతర్యుద్ధంలో మన సైన్యం పనిచేసిన రోజుల గురించి పత్రికల్లో అప్పుడప్పుడు వ్యాసాలు వస్తుంటాయి. రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షులు జయవర్ధనే, ప్రేమదాస, తమిళ పులుల నాయకుడు ప్రభాకరన్‌ల చుట్టూనే అవి తిరుగుతుంటాయి. అక్కడ క్యాంపుల్లో ఉన్న మామూలు జవాను ఏం తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు, ఇంటి గురించి ఎంత బెంగ పెట్టుకున్నాడు అనేది ఎవరూ రాయరు. ఆ సంగతులన్నీ మన ఇళ్లలో, పాత ట్రంకు పెట్టెల్లోని ఇన్‌లాండ్ ఉత్తరాల్లో ఉన్నాయి. అవి చెదలపాలు కాకముందే రెండు తెలుగు రాష్ట్రాల సైనిక సంక్షేమ శాఖలు, ఆర్కైవ్స్ శాఖలు వాటిని సేకరించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

1987 జులై 29న కొలంబోలో భారత్, శ్రీలంక మధ్య శాంతి ఒప్పందం కుదిరింది. ఆ వెంటనే మన సైన్యం జాఫ్నా దగ్గర పలాలిలో దిగింది. అందరికంటే ముందు వెళ్లింది సికింద్రాబాద్‌లో ఉండే 54వ పదాతి డివిజన్. శాంతిని కాపాడటానికని బయల్దేరినవాళ్లు అక్టోబరుకల్లా తమిళులకి ప్రత్యేక దేశం కోసం పోరాడుతున్న ఎల్‌టీటీఈతో (తమిళ పులులతో) యుద్ధం చేయాల్సి వచ్చింది. చివరి దళం ట్రింకోమలీ నుంచి ఓడెక్కింది 1990 మార్చి 24న. దాదాపు 1,200 మంది తిరిగి రాలేదు. మా నాన్నగారు వచ్చారు. అప్పుడాయన హవల్దారు.

ఆయన రాసిన ఉత్తరాలను అమ్మ ఒక్కటి కూడా పారేయలేదు. పైన తన నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కింద కేరాఫ్ 56 ఏపీఓ, అంటే సైన్యం తపాలా కార్యాలయం. ఏ ఊళ్లో ఉన్నదీ రాయకూడదు, ఆయన రాయలేదు. కానీ చదువుతుంటే ఆ చోటు తెలుస్తూనే ఉంటుంది. ఖాళీ అయిపోయిన ఒక బడిలో ఉంటున్నామనీ, నల్లబల్ల మీద పిల్లల లెక్కలు ఇంకా చెరిగిపోలేదనీ ఒకసారి రాశారు. తాటి దుంగలు, ఇసుక బస్తాలు పేర్చి బంకరు కట్టామని ఇంకోసారి. తెల్లారగానే బళ్లు వెళ్లే దారిలో మందుపాతరలు వెతుక్కుంటూ నడవాలి. ఆ పనిని మాత్రం ‘పొద్దున్నే కాస్త నడక ఉంటుంది’ అని రాశారు. అదేం నడకో అమ్మకి చాలా ఏళ్ల దాకా తెలియదు. లంగర్లో, అంటే సైన్యం వంటశాలలో, రోజూ పప్పూ రొట్టే తిని నోరు చప్పబడిపోయిందట. రాజమండ్రి వైపు కుర్రాడొకడు వంటకి వచ్చి చారు కాస్తే ప్రాణం లేచొచ్చిందని రాశారు. ఇక మిగిలినదంతా ఇంటి గోలే. మనియార్డరు అందిందా, ఊడ్పులు అయ్యాయా, గేదె ఈనిందా, ముసలాయన దగ్గు తగ్గిందా.

జవాబులు రాసింది నేను. అమ్మకి చదువు రాదు. ఆవిడ చెప్పేది, బళ్లో చదివే నేను రాసేదాన్ని. తమ్ముడికి క్యాంటీన్లో బూట్లు కొంటాను, పాదం కొలత పంపమని నాన్నగారు అడిగారు. ఇన్‌లాండ్‌లో వేరే కాగితం పెట్టకూడదు కదా! వాడి కాలు ఇన్‌లాండ్ మీదే పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీశాను. రాయాల్సిన కబుర్లకి చోటు చాల్లేదు. మేం పంపినవాటిలో ఆయన వెంట ఇంటికి చేరింది ఆ ఒక్కటే. బంకర్లు మారేటప్పుడు మూట బరువు తగ్గించుకోవాలని మిగతావి కాల్చేశామని చెప్పారు. చాలామంది జవాన్లది ఇదే పరిస్థితి. అందుకే ఇళ్లలో మిగిలిన ఉత్తరాలకి మరీ విలువ.

యుద్ధం మొదలైన ఆ అక్టోబరులో ఉత్తరాలు ఆగిపోయాయి. రేడియోలో వార్తల వేళకి వీధి అరుగు మీద అందరూ చేరేవారు. టెలిగ్రామ్ పట్టుకుని ఎవరైనా మా వీధిలోకి వస్తున్నాడేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. ఆ రోజుల్లో ఎన్నో సైనిక కుటుంబాలు ఇలాగే గడిపాయి. ఆ యుద్ధంలో మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కి మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు, ఆయన పేరు చరిత్రలో నిలిచింది. నిలవాలి కూడా. ఉత్తరం రాక అల్లాడిన ఇళ్ల గురించి మాత్రం ఎక్కడా ఒక్క కాగితం లేదు.

వేరే దేశాలు ఈ విషయంలో మనకంటే చాలా ముందున్నాయి. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో జరిగిన అంతర్యుద్ధంలో చనిపోయిన సైనికుల భార్యలు, తల్లులు పెన్షన్ కోసం పెట్టుకున్న దరఖాస్తులకి ఆ సైనికులు రాసిన ఉత్తరాలను రుజువుగా జతచేశారు. అవన్నీ ఇవాళ్టికీ అక్కడి జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. బానిసగా బతికి, సైన్యంలో చేరిన స్పాట్స్‌వుడ్ రైస్ అనే నల్లజాతి సైనికుడు 1864లో ఆసుపత్రి నుంచి తన కూతుళ్లకి రాసిన ఉత్తరం కూడా భద్రంగా ఉంది. ఆ పిల్లలు అప్పటికి ఇంకా బానిసత్వంలోనే ఉన్నారు. ప్రాణం పోయినా సరే మిమ్మల్ని విడిపించి తెచ్చుకుంటానని ఆ తండ్రి రాశాడు. ఆ యుద్ధం ఎందుకు జరిగిందో ఆ ఉత్తరం చెప్పినంత బాగా పెద్ద పెద్ద పుస్తకాలు కూడా చెప్పలేవని నా అభిప్రాయం. తర్వాతి యుద్ధాల సైనికుల జ్ఞాపకాలు, ఉత్తరాలు సేకరించడానికి 2000లో అక్కడ ఏకంగా చట్టమే చేశారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లిన మన సిపాయిల ఉత్తరాల సంగతి చూడండి. వాటిలో ఎన్నో భాగాలు ఇవాళ చదవగలుగుతున్నామంటే, అప్పటి బ్రిటిష్ సెన్సారు అధికారులు వాటిని తెరిచి, అనువదించి, రికార్డుల్లో రాసుకున్నందువల్లే. ఆ రికార్డులు లండన్‌లో ఉన్నాయి. పరాయి ప్రభుత్వం అనుమానంతో దాచినపాటి మన ప్రభుత్వాలు అభిమానంతో దాచలేవా?

ఇది మన సైన్యాన్ని పొగడటానికి మాత్రమే జరగాలని నేను కోరడం లేదు. 1987 అక్టోబరులో జాఫ్నా ఆసుపత్రిలో మన సైనికుల కాల్పులకి డాక్టర్లు, నర్సులు, రోగులు బలయ్యారు. ఆ బాధ అక్కడి తమిళ కుటుంబాలకి ఇప్పటికీ ఉంది. మన జవాన్ల ఉత్తరాల్లో భయం ఉండొచ్చు, కోపం ఉండొచ్చు, చేసినదాని మీద పశ్చాత్తాపం ఉండొచ్చు. ఏరి, బాగున్నవి మాత్రమే ఉంచుకుంటామంటే ఆ పని చేయకపోవడమే నయం.

దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. మాజీ సైనికుల్లో ఎంతోమంది నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం ఎలాగూ బయటికి వస్తారు. అప్పుడే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక స్కానరు, ఒక మనిషి ఉంటే చాలు. ఉత్తరాన్ని స్కాన్ చేసి, అసలు కాగితాన్ని అక్కడికక్కడే ఇంటివాళ్లకి తిరిగి ఇచ్చేయాలి. ఇది ముఖ్యం, లేకపోతే ఎవరూ ఇవ్వరు. ఏది బయటపెట్టాలో, ఏది కొన్నేళ్లు మూసి ఉంచాలో ఆ కుటుంబమే చెప్పాలి. వితంతువులైన తల్లుల దగ్గరికి మాత్రం మనిషే వెళ్లాలి, వాళ్లని ఆఫీసుల చుట్టూ తిప్పకూడదు. పశ్చిమ గోదావరిలోని మాధవరం లాంటి, తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊళ్లతో మొదలుపెడితే తొందరగా ఫలితం కనిపిస్తుంది.

అప్పుడు పాతికేళ్ల కుర్రాళ్లుగా వెళ్లినవాళ్లకి ఇప్పుడు అరవై దాటింది. ఇన్‌లాండ్ మడతల దగ్గర చిరుగుతోంది, సిరా వెలిసిపోతోంది. మా ఇంట్లోవి స్కానింగ్‌కి ఇవ్వడానికి అమ్మ ఒప్పుకుంది. ఎక్కడికి తీసుకెళ్లి ఇవ్వాలో సైనిక సంక్షేమ శాఖ అధికారులు మీ పత్రిక ద్వారా తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు కుమార్తె,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా