నాయనమ్మ చల్లటి టీ

చిరంజీవి అమ్ములుకి, నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చల్లటి టీ మడ్డిలా తయారైందని, ఫ్రిజ్ పాడైందేమోనని టెన్షన్ పడ్డావు. ఫ్రిజ్‌కి ఏమీ కాలేదు. పొగలు కక్కే టీని తిన్నగా తీసుకెళ్ళి లోపల పెట్టేసుంటావు. టీలో ఉన్న వగరు, కెఫీన్ చల్లదనానికి ఒకదాన్నొకటి పట్టుకుని అలా మబ్బు పడతాయి. కాసిని మరిగే నీళ్ళు పోసి కలిపితే తేరుకునేది. పారబోశానన్నావు, అదీ నా బాధ. ఫోన్లో చెబితే సగం విని "సరే నాన్నా" అంటావని కాగితం మీద పెడుతున్నా.

అర లీటరు నీళ్ళు బాగా మరిగించి పొయ్యి కట్టెయ్. ఆ తరవాతే నాలుగు చెంచాల టీ ఆకు వెయ్యి. పాల టీకి వాడే డస్టు వద్దు, చేదెక్కుతుంది. చిటికెడులో సగం వంట సోడా వేసి, మూతపెట్టి అయిదు నిమిషాలు వదిలెయ్. సోడా వగరు చంపుతుంది, రంగు ముదురుతుంది. వడకట్టేటప్పుడు ఆకుని చెంచాతో నొక్కకు. ఆ చివరి నాలుగు చుక్కలే మొత్తం పాడుచేస్తాయి. వేడి మీదే 100 గ్రాముల పంచదార కరిగించి, ఇంకో అర లీటరు మామూలు నీళ్ళు పోసి, గిన్నె పూర్తిగా చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. నిమ్మరసం మాత్రం తాగేముందు. పిండగానే నల్లటి టీ తేనె రంగుకి తిరుగుతుంది, చూడ్డానికి భలే ఉంటుంది.

మీ అట్లాంటా హోటళ్ళలో పోసే స్వీట్ టీ అచ్చం ఇలాగే ఉందన్నావు. అక్కడా వేడి మీదే పంచదార కలుపుతారట, కొందరు సోడా కూడా వేస్తారట. రాజమండ్రి దాటని మీ నాయనమ్మకి ఇదెవరు చెప్పారో! శనగలకి వేసే సోడా చెయ్యి అలవాటుగా టీలోనూ పడి ఉంటుందని నా అనుమానం.

ఆవిడ ఇది కాచేది దింపు రోజుల్లో, అంటే చెట్లెక్కి కొబ్బరికాయలు కోయించేప్పుడు. కోనసీమలో ఉండి, చెట్టునిండా బొండాలుంటే టీ ఏమిటని నువ్వే అడిగావొకసారి. పొద్దుట్నుంచీ చెట్లెక్కి దిగేవాళ్ళకి కొబ్బరి నీళ్ళంటే మొహం మొత్తేది, "అమ్మా, టీ ఏదీ" అనేవాళ్ళు. కాటన్ దొర కాలువలు ఇచ్చాడు గాని నడివేసవిలో మరమ్మతులకని వాటినీ కట్టేస్తారుగా. మా బావి నీళ్ళు ఉప్పన, వాటితో టీ కాస్తే నోట పెట్టలేం. అందుకని చెరువు నీళ్ళు తెచ్చి, చిల్లగింజ అరగదీసి కలిపి, రాత్రంతా తేర్చి, పైనీళ్ళు వంచేది.

ఐసు సంగతి అసలైనది. చేపల రేవుకి వెళ్ళే బండివాడు మా గుమ్మం ముందు ఒక గడ్డ దింపేవాడు, ఊకలో పొర్లించి గోనెలో చుట్టినది. దాన్ని బేసిన్లో పగలగొట్టి, మధ్యలో టీ గిన్నె కూర్చోబెట్టేది నాయనమ్మ. ఐసు గిన్నె బయటే ఉండాలి. ఒకసారి ఆవిడ పెరట్లో ఉండగా, తొందర చల్లబడుతుందని రెండు ముక్కలు లోపల వేశాను. పైన ఊక తేలింది, గ్లాసు ఎత్తితే చేపల వాసన. గిన్నెడు టీ కొబ్బరిచెట్టు మొదట్లో పోసి, మాటాడకుండా మళ్ళీ నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. తిట్టినా బాగుండేది.

నీ ఐసు శుభ్రమైనదేలే, అయినా గ్లాసులో వేస్తే కరిగి చప్పబడుతుంది. గిన్నెని ఐసు నీళ్ళలో పెట్టి చూడు, తేడా నీకే తెలుస్తుంది. అల్లుడికి షుగర్ కాబట్టి అతని గ్లాసు పంచదార వెయ్యకముందే తీసి పక్కన పెట్టు.

ఇదంతా చదివి మీ అమ్మ అల్లం రాయలేదేమంటోంది. అల్లం వాళ్ళ పుట్టింటి పద్ధతి, నాయనమ్మది కాదు. కావాలంటే ఆ ఉత్తరం తనే రాసుకుంటుంది.

మీ నాన్న