ముందు తలలు లెక్కపెట్టు, తర్వాత డాలర్లు

తెనాలి,
జులై 2025

చి. రవికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. కోడల్ని అమెరికా పిలిపించుకోవడానికి నువ్వు పెట్టే ఐ-864 ఫారం సంగతి ఇది, అంటే వచ్చేవాళ్ళను పోషించే ఆదాయం నాకుందని ఇచ్చే హామీ పత్రం. ఫోన్లో చెబితే సగం విని సగం వదిలేస్తావు కాబట్టి రాసి పంపుతున్నాను. ఫైలు ముందు పెట్టుకుని చదువు.

"ఇద్దరికి 26,437 డాలర్లు చాలంట నాన్నా, నాకు దాదాపు ఇరవై తొమ్మిది వేలు వస్తున్నాయి" అన్నావు. ఆ పట్టికలో నువ్వు చూసిన వరుస ఇద్దరిది, నీ ఇంటి లెక్కలో ఉన్నది ముగ్గురు: నువ్వు, కోడలు, మీ పాప బుజ్జిది. అమెరికా వాళ్ళు ప్రతి ఏడాది జనవరిలో పేదరికపు గీత ఎక్కడుందో ప్రకటిస్తారు. దాని మీద 125 శాతం వేసి ఐ-864పి అనే పట్టిక ఇస్తారు. 2025 పట్టికలో ఇద్దరికి 26,437, ముగ్గురికి 33,312, నలుగురికి 40,187. ఆ పైన ఒక్కో మనిషికి 6,875 కలుపుకుంటూ పోవాలి. అలాస్కా, హవాయిలకు పట్టిక వేరు, దాంతో మనకు పని లేదు. సైన్యంలో ఉన్నవాళ్ళకు భార్యాబిడ్డల విషయంలో నూరు శాతమే చాలు, అదీ మనకు వర్తించదు. ఫారం పంపేది వచ్చే ఏడాదికి జరిగితే మాత్రం ఈ అంకెలు పక్కన పెట్టి అప్పటి పట్టిక చూసుకో.

బుజ్జిదాన్ని వదిలేయడం నీ ఒక్కడి పొరపాటు కాదు. ఆదాయపు పన్ను రిటర్నులో పాపను డిపెండెంటుగా చూపలేదు కదా, ఇక్కడా అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. ఇండియాలో ఉంటున్న, అమెరికా పౌరసత్వం లేని పిల్లల్ని రిటర్నులో చూపనివ్వరు. అది పన్ను చట్టం. ఐ-864 ఇమిగ్రేషన్ చట్టం కింద నడుస్తుంది. దీని ప్రకారం పెళ్ళికాని, 21 ఏళ్ళు నిండని నీ పిల్లలు ఎక్కడున్నా నీ ఇంటి లెక్కలోకి వస్తారు.

ఇక ఫారంలో ఐదో భాగం తియ్యి, ఇంటి సంఖ్య వేసేది అక్కడే. ఈ ఫారంతో స్పాన్సర్ చేస్తున్న వాళ్ళెందరు అనే గడిలో కోడలికి 1. నీకు 1. ఆ కిందే "పెళ్ళయి ఉంటే భార్యకు 1" అన్న గడి కనిపిస్తుంది. అక్కడ చెయ్యి ఆపు. కోడల్ని పై గడిలో ఒకసారి వేసేశావు, మళ్ళీ వేస్తే ఒకే మనిషి ఇద్దరవుతుంది. ఆ గడిలో సున్నా. పిల్లల గడిలో బుజ్జిదానికి 1. మొత్తం 3. భార్యను రెండుసార్లు వేసి నలుగురని చూపి, 40 వేలు లేవని తమతో పాటు హామీ ఇచ్చే ఇంకో మనిషి, అంటే జాయింట్ స్పాన్సర్ కోసం ఊరంతా తిరిగేవాళ్ళున్నారు.

ఇప్పుడు ఆదాయం. నీ 2024 రిటర్ను ప్రకారం మోటెల్ జీతం 24,000. వారాంతపు డెలివరీల్లో వచ్చింది 15,000. కానీ సొంత పని ఆదాయం చూపే షెడ్యూల్ సి లో 15,000 మైళ్ళు తిరిగానని మైలుకు 67 సెంట్ల చొప్పున 10,050 ఖర్చు రాశావు. రాయడం తప్పు కాదు, పన్ను తగ్గింది. ఇక్కడ మాత్రం ఆ మైళ్ళే అడ్డం తిరుగుతాయి. డెలివరీల కింద లెక్కకొచ్చేది మిగిలిన 4,950 మాత్రమే. మొత్తం 28,950. ఈ అంకె రిటర్నులో తొమ్మిదో వరుసలో ఉంటుంది, పేరు టోటల్ ఇన్‌కమ్. ఐ-864 అడిగేది దీన్నే. నువ్వు పంపిన చిత్తు ప్రతిలో పదకొండో వరుసలోది ఎత్తి రాశావు. అది అడ్జస్టెడ్ గ్రాస్, సొంత పని మీద కట్టే పన్నులో సగం పోయాక వచ్చేది. మూడు వందల యాభై డాలర్లు ఊరికే పోగొట్టుకున్నావు. అసలే గీత దగ్గర తచ్చాడుతున్నాం.

రిటర్ను ఒక్కటే చూస్తే 33,312కి 4,362 తక్కువ. అయితే వాళ్ళు ప్రధానంగా అడిగేది ఇప్పుడు నీకు ఏడాదికి ఎంత వస్తోందని. జనవరి నుంచి గంటకు పదమూడున్నర ఇస్తున్నారన్నావు. వారానికి 40 గంటలు, 52 వారాలు: 28,080. డెలివరీలు పోయినేడు లాగే ఉంటే 4,950 కలిపి 33,030. ఇంకా 282 డాలర్లు తక్కువే! పోనీలే, ఇది పూడ్చుకోగలిగిన గుంట. మోటెల్ వాళ్ళ దగ్గర లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం తీసుకో. ఎప్పటి నుంచి చేస్తున్నావు, ఏం పని, గంటకెంత, వారానికి ఎన్ని గంటలు, పని శాశ్వతమా కాదా, ఇవన్నీ ఉండాలి. ఆరు నెలల జీతం చీటీలు, అంటే పే స్టబ్‌లు జత చెయ్యి. ఉత్తరంలో 40 గంటలని ఉండి స్టబ్‌లో 31 గంటలుంటే నమ్మేది స్టబ్‌నే. కాబట్టి ఈ కొన్ని నెలలు షిఫ్టులు వదులుకోకు.

గుంటను ఆస్తితో పూడ్చొచ్చు. అమెరికా పౌరుడు భార్యను తెచ్చుకుంటుంటే, తక్కువ పడిన మొత్తానికి మూడు రెట్లు ఆస్తి చూపాలి. గ్రీన్ కార్డు మీదుంటే ఐదు రెట్లు. ఆగస్టులో నీ ఓత్, అంటే పౌరసత్వపు ప్రమాణం, అయిపోతుంది కాబట్టి నీకు మూడే. 282కి 846 డాలర్లు సరిపోతాయి. కానీ అంత సన్నటి గీత మీద నడవకు. ఆఫీసరు ఈ ఏడాది జీతం పక్కన పెట్టి పోయినేటి రిటర్నే పట్టుకుంటే 4,362 ఇంటు మూడు, 13,086 చూపాల్సి వస్తుంది. బ్యాంకులో 15,000 ఉంచు. ఏ లెక్క తీసినా గట్టెక్కుతావు.

నీ దగ్గర ఆరు వేలున్నాయి. తొమ్మిది వేలు ఇక్కడి నుంచి నేను పంపుతాను. రూపాయల్లో ఎనిమిది లక్షల లోపే. ఈ ఏప్రిల్ నుంచి పది లక్షలు దాటితేనే విదేశాలకు పంపే డబ్బు మీద టీసీఎస్ అనే పన్ను పట్టుకుంటున్నారు కాబట్టి ఆ బెడద లేదు. అయితే ఖాతాలో ఉన్నట్టుండి తొమ్మిది వేలు వచ్చి పడితే ఎవరివని అడుగుతారు. బ్యాంకు ఇచ్చే ఉత్తరంలో ఖాతా ఎప్పుడు తెరిచారో, ఏడాదిలో ఎంత జమైందో, ఇప్పుడెంత ఉందో వస్తుంది. పన్నెండు నెలల స్టేట్‌మెంట్లూ పెట్టు. అందుకని నా ఎఫ్‌డీ రద్దు చేసిన కాగితం, తిరిగి ఇవ్వనక్కర్లేదని నేను సంతకం చేసిన బహుమతి ఉత్తరం రెండూ పంపుతాను. చుట్టాల దగ్గర నాలుగు వారాలకు చేబదులు తెచ్చి చూపి మళ్ళీ ఇచ్చేసే పని మాత్రం పెట్టుకోకు. ఆ ఫారం మీద సంతకం ప్రమాణం చేసినట్టే.

పొలం మాట అమ్మ ఎత్తింది. వద్దు. ఎన్నారైకి వ్యవసాయ భూమి బహుమతిగా రాయడానికి విదేశీ మారకపు చట్టం ఫెమా ఒప్పుకోదు, వారసత్వంగా రావాల్సిందే. నా పేరున ఉన్నంతకాలం అది నీ లెక్కలోకి రాదు. నా పెన్షనూ అంతే. కోడలికి స్కూల్లో వచ్చే జీతం కూడా లెక్కలోకి రాదు. తను అక్కడికి వచ్చాక కూడా అదే ఉద్యోగం నుంచి వచ్చే డబ్బైతేనే కలుపుతారు, ఇది గుంటూరు దాటగానే ఆగిపోతుంది. తన పేరున ఉన్న డిపాజిట్లు మాత్రం చూపొచ్చు. ఏడాదిలోగా నగదుగా మార్చి దేశం దాటించగలిగినదేదైనా పనికొస్తుంది.

జాయింట్ స్పాన్సర్ని ఆఖరి దారిగా ఉంచు. నీ రూమ్మేటు ముందుకొచ్చాడన్నావు, అతను హెచ్-1బి మీద ఉన్నాడు, కుదరదు. పౌరుడో గ్రీన్ కార్డు మనిషో కావాలి, అమెరికాలోనే కాపురం ఉండాలి. డాలస్‌లో మీ పెద్ద మామయ్య వాళ్ళు నలుగురు, కోడలితో కలిపి ఐదుగురు, అంటే 47,062. ఆయన ఆదాయం ఒక్కటే దాన్ని దాటాలి, నీదీ ఆయనదీ కలపరు. ఆయన పెట్టినా నీ ఐ-864 నువ్వు పెట్టాల్సిందే. ఆయన్ని అడిగేముందు ఆ సంతకం ఎంతకాలం వెంటాడుతుందో నీకు తెలియాలి. కోడలు పౌరురాలయ్యేదాకా, లేదా 40 క్వార్టర్ల (మూడు నెలలు ఒక క్వార్టరు) పని లెక్క పూర్తయ్యేదాకా, అంటే దాదాపు పదేళ్ళు. మధ్యలో విడాకులైనా ఆ బాధ్యత పోదు. మామయ్య మొహమాటానికి ఒప్పుకుంటాడు, తర్వాత అత్తయ్య చదువుతుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెడుతున్నది బుజ్జిదాని సంగతి. గ్రీన్ కార్డు మీద నువ్వు వేసిన పిటిషన్లో పాప తల్లి వెనక డెరివేటివ్‌గా, అంటే తల్లి కేసుకు అనుబంధంగా ఉంది. నువ్వు పౌరుడివి కాగానే కోడలి కేసు పౌరుల దగ్గరి బంధువుల వర్గం ఇమీడియట్ రిలేటివ్ కిందికి మారుతుంది, వీసా బులెటిన్‌లో వంతు కోసం చూసే పని పోతుంది. మంచిదే. కానీ ఆ వర్గంలో డెరివేటివ్‌లు ఉండరు. పాప కేసు అక్కడితో తెగిపోతుంది. తన పేరున వేరే ఐ-130, అంటే బంధువును పిలిపించుకునే పిటిషన్, వెయ్యాలి. ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీదైతే 675. ఇంటర్వ్యూ దాకా ఇది ఎవరూ చెప్పరు, తల్లికి వీసా వచ్చి పిల్ల ఆగిపోతుంది. నాలుగేళ్ళ పిల్ల. కాబట్టి ఓత్ అయిన రోజు సాయంత్రమే పాప పిటిషన్ వేసెయ్. నేషనల్ వీసా సెంటరుకు పౌరసత్వ సర్టిఫికెట్ కాపీ పంపి, కోడలి కేసు మార్చమని, పాప కేసు అందుకునేదాకా తల్లి ఇంటర్వ్యూ ఆపమని అడుగు. వెనకా ముందూ రావడం కన్నా ఆలస్యం మేలని నా ఉద్దేశం. కోడలిదీ అదే మాట.

ఇందులో ఒక వెసులుబాటూ ఉంది. పద్దెనిమిది లోపు పిల్ల, పౌరుడైన తండ్రి దగ్గర ఉండటానికి ఇమిగ్రెంట్ వీసా మీద దిగిన క్షణమే తనూ పౌరురాలైపోతుంది. కాబట్టి పాపకు ఐ-864 అక్కర్లేదు, మినహాయింపు ఉంది. అయినా తల్లి ఫారంలో ఇంటి సంఖ్య మూడే, పాప ఆ లెక్కలోంచి పోదు. మామయ్య దాకా వస్తే ఆయన మాత్రం కోడల్ని ఒక్కదాన్నే కలుపుకుంటాడు.

కాగితాల్లో ఇంకొన్ని. అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ సైట్లో 2024 టాక్స్ ట్రాన్స్‌క్రిప్ట్ ఉచితంగా వస్తుంది, అది పెడితే జీతం లెక్క చూపే డబ్ల్యూ-2 వెతుక్కోనక్కర్లేదు. ఒక్క ఏడాదిది చాలు. రాష్ట్రం రిటర్నులు అడగరు. రిటర్నులో నీ స్టేటస్ ఏముందో ఇవాళే చూడు. భార్య ఇండియాలో ఉందని "సింగిల్" అని వేసేవాళ్ళు ఎందరో. ఒక చేత్తో పెళ్ళి సర్టిఫికెట్ ఇస్తూ ఇంకో చేత్తో బ్రహ్మచారినన్నట్టు ఉంటుంది. అలా ఉంటే 1040-ఎక్స్‌తో దిద్దించు. మారీడ్ ఫైలింగ్ సెపరేట్లీ (పెళ్ళయింది, విడిగా వేస్తున్నాను) అని పెట్టి, కోడలికి అమెరికా పన్ను నంబరు లేదు కాబట్టి ఆ చోట ఎన్ఆర్ఏ, అంటే నాన్ రెసిడెంట్ ఏలియన్, అని రాస్తే సరిపోతుంది. టిప్పుల డబ్బు రిటర్నులో లేకుండా ఫారంలో కలపకు. సంతకం పెన్నుతో పెట్టి స్కాన్ చెయ్యి, టైపు చేసిన పేరు చెల్లదు. నోటరీ అక్కర్లేదు. వీసా సెంటరు ఫీజులు ఈ ఫారం పరిశీలనకు 120, వీసాకు మనిషికి 325. ఇంటర్వ్యూ హైదరాబాదులో కాదు, ముంబయిలో. కోడలికి తోడుగా నేను వెళ్తాను.

ఇల్లు మారితే ముప్పై రోజుల్లో చిరునామా మార్పు ఫారం ఐ-865 పంపాలని గుర్తుపెట్టుకో. వాళ్ళు వచ్చాక రెండు గదుల ఇంటికి మారతానన్నావుగా.

పౌరుడివయ్యాక మమ్మల్ని కూడా పిలిపిస్తానన్నావు. అప్పుడు మీ ముగ్గురికి మేమిద్దరం కలిసి ఐదుగురం, 47,062. మాకు ఆస్తి లెక్క ఐదు రెట్లు. గంటకు పదమూడున్నర మీద ఆ ఆలోచన వద్దు.

ఓత్ రోజు సర్టిఫికెట్ చేతికివ్వగానే పేరు స్పెల్లింగూ పుట్టినతేదీ పాస్‌పోర్టుతో సరిపోయాయో లేదో కుర్చీలో కూర్చునే చూసుకో. తేడా ఉంటే హాలు దాటకముందే వాళ్ళకు చూపించు. ఫొటో తీసి ముందు కోడలికి పంపు, తర్వాత నాకు.

ఇట్లు,
నాన్న