ఆదివారం చూడటానికి వచ్చేవాళ్లకు

గ్రూప్‌లో అందరికీ నమస్కారం. హనుమకొండ మన వృద్ధాశ్రమంలో ఈ వారం ఇద్దరికి దగ్గు, జలుబు పట్టుకుంది. ఒకరికి కోవిడ్ పాజిటివ్. టెన్షన్ పడొద్దు, వేరే గదిలో ఉంచాం, అన్నం తింటున్నారు.

రేపటి నుంచి సిబ్బందికి, చూడటానికి వచ్చేవాళ్లకు గేటు దగ్గరే ర్యాపిడ్ టెస్ట్. ఫలితం రావడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. కాజీపేటలో రైలు దిగి నేరుగా వచ్చేవాళ్లు ఆ టైమ్ కూడా లెక్కలో పెట్టుకోండి. వేపచెట్టు కింద కుర్చీలు వేయించాం.

"జ్వరమే లేదు, మాకెందుకు టెస్ట్" అని ఫోన్లు వస్తున్నాయి. 2020 మార్చిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక నర్సింగ్ హోంలో అందరికీ పరీక్ష చేస్తే, పాజిటివ్ వచ్చిన పెద్దవాళ్లలో సగానికి పైగా మందికి ఆ రోజు ఏ లక్షణమూ లేదు. ఇక మన ఆయాలు స్నానం చేయిస్తారు, ముద్ద కలిపి పెడతారు, ఒక మంచం నుంచి ఇంకో మంచానికి తిరుగుతూనే ఉంటారు. వాళ్లలో ఎవరికైనా పాజిటివ్ వస్తే సెలవిస్తాం, జీతం కోయం. కోస్తే దగ్గు దాచుకొని పనికొస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

నెగెటివ్ వచ్చినా గొంతునొప్పి ఉంటే లోపలికి రావొద్దు. కోవిడ్ ఉన్నా మొదటి ఒకటి రెండు రోజుల్లో ర్యాపిడ్ టెస్ట్‌కు దొరక్కపోవచ్చు. రెండు రోజులాగి మళ్లీ చేయించుకోండి, అప్పటిదాకా వీడియో కాల్ కలుపుతాం. సకినాలు గేటు దగ్గర ఇచ్చి వెళ్లొచ్చు. (షుగర్ ఉన్నవాళ్లకు అరిసెలు మాత్రం వద్దు, టెస్ట్ కంటే అదే పెద్ద పంచాయితీ అయింది.)

ఎవరెవరు వస్తున్నారో శనివారం సాయంత్రంలోగా ఇక్కడే రాయండి, కిట్లు తెప్పించాలి.