రాష్ట్రం ఒప్పుకున్నా వీసా ఒప్పుకోదు

న్యూజెర్సీలో గంజాయి చట్టబద్ధమే కదా అన్న ధీమా మన విద్యార్థుల వీసాలకే ఎసరు పెడుతోంది. ఇక్కడ 2010లో రోగులకు మాత్రమే అనుమతిచ్చారు. 2020 నవంబరు రెఫరెండంలో మూడింట రెండొంతుల మంది ఔననడంతో 2021 ఫిబ్రవరిలో చట్టం వచ్చింది. 2022 ఏప్రిల్ 21 నుంచి, 21 ఏళ్లు నిండినవారికి దుకాణాల్లోనే అమ్ముతున్నారు. దేశమంతటికీ వర్తించే ఫెడరల్ (కేంద్ర) చట్టంలో మాత్రం గంజాయిని దగ్గర ఉంచుకోవడం నేరమే. వీసా, గ్రీన్‌కార్డు అధికారులు చూసేది ఆ చట్టాన్నే. కేసు లేకున్నా, వాడానని ఇంటర్వ్యూలో ఒప్పుకుంటే చాలు, తిరస్కరించవచ్చు. మా ఇంటికొచ్చే కుర్రాళ్లు రసీదు చూపించి "లైసెన్సున్న షాపే అంకుల్" అంటుంటే గుండె గుభేలుమంటోంది. రాష్ట్ర గంజాయి నియంత్రణ కమిషన్ ప్రతి దుకాణం కౌంటరు దగ్గర ఈ హెచ్చరిక బోర్డు పెట్టించాలి. యూనివర్సిటీలు ఓరియెంటేషన్‌లోనే, తెలుగు సంఘాలు పిల్లలు దిగిన వారంలోనే ఈ సంగతి విడమరిచి చెప్పాలి.

– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ