వర్లీ చాళ్ల బతుకమ్మ: పూల పని

అందరికీ నమస్తే. 1982 కార్మికుల సమ్మె తర్వాత ముంబై బట్టల మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డా, మన పద్మశాలీల బతుకమ్మ మాత్రం వర్లీ చాళ్లను (వరస గదుల ఇళ్లను) వదల్లేదు. తంగేడు ఇక్కడ కష్టం. దాదర్ పూల మార్కెట్‌కు తెల్లారేలోపే వెళ్లి బంతి, చామంతి ఎక్కువ తెచ్చుకోండి. గునుగు సంగతి ఊరి నుంచి వచ్చేవాళ్లకు ముందే చెప్పాలి. జానెడు కాడ ఉంచి కట్టలు కట్టి, కొసలే రంగులో ముంచి నీడన బాగా ఆరనివ్వండి. తడిగా పేరిస్తే రంగు పక్క పూలకు కారుతుంది.

తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, పూలు అంచుకు, కాడలు లోపలికి. ప్రతి వరసకూ నడుమ ఖాళీని తుంచిన కాడలు, ఆకులతో గట్టిగా కూరాలి. అందరూ తొందరపడేది ఇక్కడే, మెట్లు దిగేసరికి బతుకమ్మ ఒరుగుతుంది. పైన పసుపు గౌరమ్మ. థర్మోకోల్ వద్దే వద్దు, చివరికి నీళ్లలోకే పోతుంది.