బొమ్మలుంటే చాలు, పిల్లల పేజీల వేసుడేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మూడు ఆదివారాల కింద మీ అనుబంధంల సెలవుల్ల పిల్లలకు చూపియ్యదగ్గ కార్టూన్లు అని ఒక పేజీ వేసిన్రు కదా, అండ్ల వేసిన బోజాక్ హార్స్‌మన్ అనే గుర్రం సీరియల్ గురించే రాస్తున్న. అప్పుడే రాద్దునుగని, చూడకుండ తిట్టుడు మంచిగుండదని మొత్తం చూసి రాద్దామని ఆగిన. 77 ఎపిసోడ్లు. రాత్రి పిల్ల పండుకున్నంక గిన్నెలు కడిగి కూసుని చూసిన, తెల్లారి ఆఫీసుల ఆవలింతలకు ఎన్ని మాటలు పడ్డనో మీకు బిల్లు పంపాలె అసలు.

ఆ పేజీల ఛోటా భీమ్ పక్కనే గుర్రం బొమ్మ. నెట్‌ఫ్లిక్స్‌ల ఉండే అమెరికా కార్టూన్ సీరియల్, బోజాక్ హార్స్‌మన్. ఛోటా భీమ్ అంటే సరే, 2008 నుంచి మన హైదరాబాదోళ్లే తీస్తున్నరు, లడ్డూ తింటడు, దుష్టులను కొడతడు, ఊరు సల్లగుంటది. గుర్రం సంగతేందో ఆ పేజీ రాసినాయన ఒక్క ఎపిసోడన్న చూసిండా? అమెరికాల దానికి టీవీ-ఎంఏ రేటింగ్, అంటే 17 ఏండ్ల లోపోళ్లకు పనికిరాకపోవచ్చని వాళ్లే చెప్పిన్రు. 1990లల్ల టీవీ కామెడీల వెలిగి, తర్వాత పని లేక పెద్ద బంగ్లాల తాగుకుంట పడుండే నటుడి కథ అది, మొహం ఒక్కటి గుర్రానిది అంతే. మందు, మాత్రలు, దగ్గరోళ్లను ముంచుడు, సారీ చెప్పుడు, మళ్ల ముంచుడు. టీవీల దాని బిడ్డలెక్క యాక్ట్ చేసిన పిల్ల పెద్దగైనంక డ్రగ్స్‌తోని చచ్చిపోతది. మీ లిస్టుల ఇది మూడో నంబరు.

నా తప్పు లేదనను. కిడ్స్ ప్రొఫైల్ల వెతికితే రాలేదు, అక్కడనే బుద్ధి రావాల్సింది. పేపర్ల వేసిన్రు కదా అని నా ప్రొఫైల్ల పెట్టిచ్చి చారు పోపుకు పోయిన. పదకొండేండ్ల పిల్ల. అరగంటకు వంటింట్లకొచ్చి "అమ్మా, ఆ గుర్రానికి ఇల్లుంది, స్విమ్మింగ్ పూలుంది, అన్నీ ఉన్నయి, మరి ఎందుకట్ల ఉంటది?" అన్నది. ఏం చెప్పాలె? చారు పొంగుతుంది పో అని పంపిన.

అట్లని సీరియల్ చెత్త అంటే నేనొప్పుకోను. నాలుగో సీజన్ల ఆ గుర్రం తల్లికి మతిమరుపు వస్తది, ఒక ఎపిసోడంతా ఆమె బుర్రలనే నడుస్తది, చాన మందికి మొహాలే ఉండయి, ఒకామె మొహమైతే పెన్నుతోని గీకేసినట్టుంటది. సూర్యాపేటల మా నాయనమ్మ ఆఖరి రెండేండ్లు నన్ను చూసి "ఎవరి పిల్లవే నువ్వు" అంటుండె. నేను గూడ ఆమెకు అట్లనే కనపడ్డనేమో అని ఆ రాత్రి బాగ ఏడ్చిన. ఇవి నలభై దాటినోళ్లకు తగిలేటియి. పదకొండేండ్లకు అండ్ల తాగుడు, బూతు మాటలు సమజైతయి, మిగిలింది ఏందో తెల్వని దిగులులెక్క మనసుల కూసుంటది.

మా అక్క కొడుకుకు 17, ఇంటర్ సెకండియర్. సెలవులకొస్తే వాడు గూడ నా పక్కన కూసుని పది పన్నెండు ఎపిసోడ్లు చూసిండు. హాస్టల్ ఎట్లుందిరా అంటే "మంచిగుంది చిన్నమ్మా" తప్ప ఇంకో మాట రాని పిల్లగాడు, ఒకరోజు ఎపిసోడ్ అయిపోయినంక వాడంతట వాడే సౌండ్ బంద్ చేసి, టెస్టు ర్యాంకులు గోడకు అంటిస్తరు, పేరు కిందికి జారిన దినం అన్నం పోదు అని చెప్పిండు. గంటసేపు మాట్లాడిండు. కాబట్టి 16, 17 ఏండ్లోళ్లకు చూపియ్యచ్చు, పక్కన పెద్దోళ్లుంటేనే. చావాలన్న ఆలోచనలు గూడ ఉన్నయి అండ్ల, అర్ధరాత్రి దుప్పటి కింద ఫోన్ల ఒక్కడే చూసేటిది కాదు.

రూల్స్ లేవా అంటే ఉన్నయి. 2021ల కేంద్రం ఐటీ రూల్స్ తెచ్చింది, ఓటీటీల యూ, 7+, 13+, 16+, ఏ అని వయసు వెయ్యాలె, 13+ నుంచి తాళం పెట్టుకునే సౌకర్యం ఇయ్యాలె, ఫిర్యాదు చేస్తే 15 రోజుల్ల తేల్చాలె. ఎంతమంది అమ్మానాన్నలకు తెలుసు? తెరమీద ఆ అంకె మూలకు చీమ తలకాయంత కనపడి పోతది. థియేటర్లయితే ఇంకా మంచిగ, మొన్న ఒక మల్టీప్లెక్స్‌ల 'ఏ' సినిమాకు పోతే మా ముందు వరుసల నాలుగేండ్ల పిల్లగాడు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నా బ్యాగుల మంచినీళ్ల సీసా పట్టుకుండు గని ఆ పిల్లగాడు కండ్లవడలె. 16 ఏండ్ల లోపోళ్లను పొద్దున 11కు ముందు, రాత్రి 11 తర్వాత థియేటర్లకు రానియ్యొద్దని 2025 జనవరిల హైకోర్టు అన్నది, మల్టీప్లెక్సులోళ్లు పోయి మొత్తుకుంటే మార్చిల సడలిచ్చింది. మా నీళ్ల సీసా మీద మాత్రం ఏ సడలింపు లేదు.

సవరణ వేస్తే ఆఖరి పేజీల ఆవగింజంత కాదు, అదే ఆదివారం పేజీల, అంతే సైజుల గుర్రం బొమ్మ పెట్టి వెయ్యున్రి. పోయినసారి డ్రైనేజీ మీద నేను రాసిన లేఖను నాలుగు లైన్లకు కోసిన్రు. ఇది గూడ కొయ్యాలంటే హైకోర్టు ముచ్చట తీసెయ్యున్రి, పిల్ల అడిగిన మాట మాత్రం ఉంచున్రి. అది ఇంక అడుగుతనే ఉన్నది.

– ఒక పాఠకురాలు, మూసారాంబాగ్, హైదరాబాద్