గేటు లోపలి వేధింపులకు రుజువేది?

సంపాదకుల వారికి,

పైడిభీమవరం, బొబ్బిలి వైపు ఫ్యాక్టరీల్లో చేరే కుర్రాళ్లు, అమ్మాయిలు ఒకటి గమనించాలి. తిట్లు, బెదిరింపులు నోటిమాటగానే సాగుతాయి, కాగితం మిగలదు. సూపర్‌వైజరు చెప్పిన పనిని అదే రోజు ‘మీరు చెప్పిన ప్రకారం’ అంటూ మెయిల్‌లో తిరిగి రాయండి. కంపెనీ మెయిల్ ఒక్కదాన్నే నమ్మొద్దు, మానేసిన రోజే లాగిన్ పోతుంది. తేదీ, షిఫ్టు, పక్కనున్నవాళ్ల పేర్లతో సొంత డైరీ ఉండాలి. ఓవర్‌టైముకు రెట్టింపు కూలి చట్టమే. కానీ హాజరు మెషీన్‌లో అవుట్ పంచ్ కొట్టించి (డ్యూటీ దిగినట్టు చూపించి) మళ్లీ లైన్లోకి పంపితే ఆ గంటలు రికార్డుకెక్కవు. అసలు మోసం అక్కడే. మహిళలపై లైంగిక వేధింపులైతే 2013 చట్టం కింద, ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదివ్వాలి. 10 మందికంటే తక్కువున్న చోట జిల్లా స్థానిక కమిటీకి ఇవ్వొచ్చు. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి గానీ వదిలి రాకండి.

కార్మిక శాఖ వారు నెలకోసారైనా, షిఫ్టు దిగే వేళకు, పైడిభీమవరంలోనే ఫిర్యాదులు తీసుకోవాలి.

– కార్మిక చట్టాలపై సలహాలిచ్చే కొందరు, శ్రీకాకుళం